డిస్క్ ఆపరేషన్ ఎవరికి, ఎప్పుడు: అపోహలు - వాస్తవాలు

వెన్నుకు, అందులో పూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్క్‌లకు శస్త్రచికిత్స చేసే నా దగ్గరకు రెండు రకాల మనుషులు వస్తుంటారు. ఆపరేషన్ చేయించుకుంటే కాళ్లు పడిపోతాయేమోనన్న భయంతో, పాదం బలం తగ్గుతున్నా నెలల తరబడి ఓర్చుకుంటూ వచ్చినవారు కొందరు. ఎం.ఆర్.ఐ. రిపోర్టులో ‘డిస్క్ జారింది’ అన్న మాట చూసి, నొప్పి తగ్గుముఖం పట్టినా సరే, వెంటనే ఆపరేషన్ చేసేయమని అడిగేవారు మరికొందరు. ఇద్దరికీ నేను చెప్పే విషయం ఒకటే: ఈ ఆపరేషన్ అవసరమా కాదా అన్నది తేల్చేది నొక్కుకుపోయిన నరం పరిస్థితి.

అపోహ: డిస్క్ జారడమంటే అది తన చోటు నుంచి పక్కకు తప్పుకోవడం; దాన్ని మళ్లీ లోపలికి నెట్టవచ్చు.

వాస్తవం: డిస్క్ పైనా కిందా ఉన్న వెన్నుపూసలకు గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి మొత్తంగా జారిపోదు. దాని చుట్టూ పీచులాంటి బలమైన వలయం, లోపల నీటి శాతం ఎక్కువగా ఉండే మెత్తని గుజ్జు ఉంటాయి. వలయం చిట్లినప్పుడు గుజ్జులో కొంత బయటికి పొడుచుకొచ్చి పక్కనే ఉన్న నరాన్ని నొక్కుతుంది. ఆ గుజ్జులోని రసాయనాల వల్ల నరం వాచి మండుతుంది కూడా. అందుకే బాధ నడుములో కంటే పిరుదు నుంచి పాదం దాకా కాలిలోనే ఎక్కువగా ఉంటుంది. దీన్నే సయాటికా అంటాం. ఆపరేషన్‌లో మేము తీసేది బయటికి వచ్చిన ఆ ముక్కనూ, లోపల వదులుగా ఉన్న కాస్త గుజ్జునూ మాత్రమే. డిస్క్‌లో చాలా భాగం యథాస్థానంలోనే ఉంటుంది.

అపోహ: ఎం.ఆర్.ఐ.లో డిస్క్ ఉబ్బు కనిపిస్తే ఆపరేషన్ తప్పదు.

వాస్తవం: ఏ నొప్పీ లేనివారికి తీసిన స్కాన్‌లను పరిశీలించి 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, 20 ఏళ్ల వయసువారిలో దాదాపు 30 శాతం మందికి, 80 ఏళ్లవారిలో దాదాపు 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు ఉంది. కాబట్టి స్కాన్‌లో కనిపించినదీ, రోగి చెప్పే బాధా, మా పరీక్షలో తేలినదీ ఒకే నరాన్ని చూపాలి. ఉదాహరణకు నడుములోని నాలుగు, ఐదు పూసల మధ్య డిస్క్ సాధారణంగా ఐదో నరాన్ని నొక్కుతుంది. అప్పుడు పాదం పైభాగంలో తిమ్మిరి, బొటనవేలు పైకెత్తడంలో బలహీనత కనిపిస్తాయి. స్కాన్‌లో ఎడమవైపు నొక్కు ఉండి, నొప్పి కుడికాలిలో ఉంటే నేను కత్తి పట్టను.

అపోహ: ఆపరేషన్ చేయకపోతే ఇది ఎప్పటికీ తగ్గదు.

వాస్తవం: నా అనుభవంలో వివరించడానికి అన్నింటికంటే ఎక్కువ సమయం పట్టేది ఇదే. బయటికి వచ్చిన గుజ్జును శరీరం పరాయి పదార్థంగా గుర్తించి, రక్తకణాల సాయంతో క్రమంగా కరిగించుకుంటుంది. ఆశ్చర్యంగా తోచవచ్చు గానీ, వలయాన్ని పూర్తిగా చీల్చుకుని వచ్చిన పెద్ద ముక్కలే చిన్న ఉబ్బుల కంటే ఎక్కువగా కరుగుతాయి. ఆరు నుంచి పన్నెండు వారాల్లో చాలామందికి కాలి నొప్పి బాగా తగ్గడానికి ఇదొక ముఖ్య కారణం.

నెదర్లాండ్స్‌లో సయాటికాతో బాధపడుతున్న 283 మందిపై జరిగి 2007లో ప్రచురితమైన అధ్యయనాన్ని నేను తరచూ ప్రస్తావిస్తుంటాను. అందులో సగం మందిని త్వరగా ఆపరేషన్ చేసే వర్గంలో ఉంచి, మిగిలినవారికి మందులతో, సలహాలతో వేచి చూశారు. వేచి చూసినవారిలో 39 శాతం మందికి తర్వాత ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఏడాది గడిచేసరికి రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు, అయితే ముందుగా ఆపరేషన్ అయినవారికి నొప్పి త్వరగా తగ్గింది. నిద్ర పట్టక, పనిచేయలేక అల్లాడుతున్న మనిషికి ఆ కొన్ని నెలలు చిన్న విషయం కాదు. అందుకే తగినంత కాలం చికిత్స తీసుకున్నా బాధ తగ్గనివారికి ఆపరేషన్ సూచించడానికి నేను సంకోచించను.

వేచి చూడకూడని సందర్భాలు మాత్రం ఉన్నాయి, దయచేసి వీటిని గుర్తుంచుకోండి. మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపున స్పర్శ తెలియకపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం కాడా ఈక్వైనా అనే అత్యవసర స్థితికి సూచనలు. అలాంటప్పుడు ఉదయం దాకా ఆగకుండా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే గంటలు గడిచేకొద్దీ మూత్రంపై అదుపు తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది. పాదం రోజురోజుకీ బలం కోల్పోతున్నా వారాల తరబడి ఆగడం తగదు.

అపోహ: నడుము ఆపరేషన్ చేస్తే కాళ్లు చచ్చుబడిపోతాయి.

వాస్తవం: పెద్దవారిలో వెన్నుపాము నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. డిస్క్ ఎక్కువగా చిట్లేది నడుములోని చివరి రెండు చోట్ల. అక్కడ ఉండేది వెన్నుపాము కాదు, ద్రవంలో తేలియాడే నరాల పోగులు. నరానికి దెబ్బ తగలడం, ఆ ద్రవాన్ని పట్టి ఉంచే పొర చిరగడం, ఇన్‌ఫెక్షన్, అదే డిస్క్ మళ్లీ చిట్లడం వంటి ప్రమాదాలు ఉన్నాయి, వాటిని దాచకూడదు. కానీ రెండు కాళ్లూ పడిపోవడం చాలా అరుదు. మెడ సంగతి వేరు. అక్కడ వెన్నుపాము ఉంటుంది కాబట్టి, దాన్ని పక్కకు కదపకుండా ఉండేందుకు చాలాసార్లు గొంతు ముందు వైపు నుంచి వెళ్లి డిస్క్ తీస్తాం.

అపోహ: డిస్క్ ఆపరేషన్ అంటే స్క్రూలు, రాడ్లు వేయడమే.

వాస్తవం: కాలి నొప్పికి కారణం కేవలం చిట్లిన డిస్క్ అయితే సాధారణంగా స్క్రూల అవసరం లేదు. సూక్ష్మదర్శిని సాయంతో చిన్న కోత ద్వారా ముక్కను తీసే మైక్రోడిస్కెక్టమీ 1977లోనే వెలుగులోకి వచ్చింది. నేటికీ మిగతా పద్ధతులను దానితోనే పోల్చి చూస్తారు. సన్నని గొట్టంలాంటి కెమెరాతో చేసే ఎండోస్కోపీలో కోత ఇంకా చిన్నది, మొదటి రోజుల్లో నొప్పి తక్కువ, కానీ దీర్ఘకాలిక ఫలితాలు దాదాపు సమానమే. పూసలు ఒకదానిపై ఒకటి జారుతున్నప్పుడు, డిస్క్ పదేపదే చిట్లుతున్నప్పుడు రెండు పూసలను కలిపే ఫ్యూజన్ అవసరపడవచ్చు. కాలి నొప్పి లేకుండా నడుము నొప్పి ఒక్కటే ఉన్నవారికి ఫ్యూజన్ చేయడంలో నేను చాలా జాగ్రత్తగా ఉంటాను, ఎందుకంటే క్రమబద్ధమైన వ్యాయామ చికిత్సతో పోలిస్తే దాని అదనపు లాభం అంత స్పష్టంగా లేదు. కృత్రిమ డిస్క్ కదలికను కాపాడుతుంది గానీ, వెనక ఉన్న చిన్న కీళ్లు అరిగినవారికీ, ఎముకలు గుల్లబారినవారికీ అది పనికిరాదు.

అపోహ: ఆపరేషన్ తర్వాత నెలల పాటు మంచం మీదే ఉండాలి.

వాస్తవం: మైక్రోడిస్కెక్టమీ అయినవారిని అదే రోజు లేదా మరుసటి రోజు నడిపిస్తాం. కొన్ని వారాలు బరువులు ఎత్తడం, వంగి మెలితిరగడం మానాలి. కాలి నొప్పి తరచుగా మత్తు దిగిన వెంటనే తగ్గినట్టు తెలుస్తుంది, కానీ తిమ్మిరీ బలహీనతా పోవడానికి నెలలు పట్టవచ్చు, కొంత మిగిలిపోవచ్చు కూడా. ఈ మాట ముందుగా చెప్పకపోవడం వల్ల, నొప్పి పూర్తిగా పోయినా పాదం మొద్దుగా ఉందని ఆపరేషన్ విఫలమైందనుకుని కుమిలిపోయినవారిని చూశాను. అందుకే సమ్మతి పత్రంపై సంతకం తీసుకునే ముందే, ఏది త్వరగా తగ్గుతుందో, ఏది ఆలస్యంగా తగ్గుతుందో రోగికీ, వెంట వచ్చిన కుటుంబ సభ్యులకూ విడివిడిగా రాసి ఇస్తున్నాను.