బాంబు కెలోరీమీటరుకు కోడి కడుపు ఉండదు: దాణా ఎనర్జీపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో నా పని దాణా ఫార్ములాలు చూడటం. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది చింతామణి, హిందూపురం, పలమనేరు వైపు మనవాళ్లే. ముందు వాట్సాప్‌లో ఒక ల్యాబ్ రిపోర్టు ఫొటో వస్తుంది, వెంటనే ఫోన్ మోగుతుంది. "సార్, దీంట్లో ఎనర్జీ మొక్కజొన్న కంటే ఎక్కువ ఉంది, రేటు చూస్తే తక్కువ. లోడు దించేయమంటారా?" దీనికి జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అపోహ: ల్యాబ్‌లో ఎంత ఎనర్జీ వస్తే కోడికి అంతా అందుతుంది.

ముందు ఆ కాగితంలో ఏ ఎనర్జీ రాశారో చదవండి. గ్రాస్ ఎనర్జీ అయితే, శాంపిల్‌ను బాంబు కెలోరీమీటరులో ఆక్సిజన్ నింపి పూర్తిగా కాల్చినప్పుడు వచ్చిన వేడి అది. కాలడం వేరు, అరగడం వేరు. పిండిపదార్థమూ గ్లూకోజే, సెల్యులోజూ గ్లూకోజే. కాలిస్తే రెండూ గ్రాముకు 4.2 కిలో కేలరీల దగ్గరే ఉంటాయి. కోడికి మాత్రం మొదటిది తిండి, రెండోది ఇటు తిని అటు రెట్ట వేసే సరుకు. రంపపు పొట్టు కూడా బాంబులో బ్రహ్మాండంగా మండుతుంది.

మొక్కజొన్నను కాలిస్తే కిలోకు సుమారు 3,900 కిలో కేలరీలు. సోయా చెక్క ఇంకా ఎక్కువ, 4,100 దాకా వస్తుంది. అదే బ్రాయిలర్ దాణా లెక్కల్లో వాడే ఎంఈ (మెటబలైజబుల్ ఎనర్జీ, అంటే రెట్టలో పోయింది పోగా కోడికి దక్కేది) చూడండి. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ (ఎన్‌ఆర్‌సీ) 1994 పట్టికలో మొక్కజొన్నకు 3,350, 48 శాతం ప్రొటీన్ సోయాకు 2,440. బాంబులో ముందున్నది కోడి దగ్గరకొచ్చేసరికి 900 కిలో కేలరీలు వెనకబడింది.

హిందూపురం దగ్గర సొంత షెడ్లు నడిపే ఒకాయన సరిగ్గా ఇక్కడే దెబ్బతిన్నాడు. తవుడు రిపోర్టులో 4,000 పైన ఉంది, ఫార్ములా షీటులో మొక్కజొన్నకు 3,350 ఉంది. ఒకటి గ్రాస్, ఇంకోటి ఎంఈ అని ఎవరూ చెప్పలేదు. మొక్కజొన్న తగ్గించి తవుడు పెంచాడు. బ్యాచ్ సగంలో బరువులు రాక రాత్రిపూట ఫోన్ చేశాడు. "చుట్టుపక్కల ఏదో వైరస్ తిరుగుతోందంట సార్, అదేనంటారా?" అప్పటికే మందులకు బోలెడు తగలేశాడు. చావులు లేవు, మేత బాగా తింటున్నాయి, ఎఫ్‌సీఆర్ (కిలో బరువు రావడానికి పట్టే మేత) ఒక్కటే చెడింది. ఇది ఏ వైరస్సండీ? తవుడు తెప్పించి శాండ్ సిలికా (ఇసుక, సిలికా శాతం) పరీక్ష చేయిస్తే ఊక బయటపడింది. ఊకలో బూడిదే ఐదో వంతు దాకా ఉంటుంది, అదీ దాదాపు అంతా సిలికా. ఆయన మీద నాకు కోపం రాలేదు. అప్పు తెచ్చి నడిపే మనిషి, చవకగా కనిపించిన దాని వైపు చూస్తాడు. ఒట్టి "ఎనర్జీ" అని రాసి పంపిన ల్యాబ్ మీదే వచ్చింది.

"ఎంఈ అనే రాసి ఉంది కదా" అంటారా? రెండు రోజుల్లో చేతికొచ్చిన రిపోర్టులో ఎంఈ ఉంటే అది కొలిచింది కాదు, లెక్కగట్టింది. ప్రొటీన్, కొవ్వు, పిండి, చక్కెర శాతాలను ఒక సమీకరణంలో వేస్తారు. యూరప్‌లో వాడే సమీకరణం కలిపిన దాణా కోసం పెట్టింది, దాన్ని ఒట్టి తవుడుకో డీడీజీఎస్‌కో (ధాన్యం నుంచి ఆల్కహాల్ తీశాక మిగిలే ఎండు పిప్పి) తగిలిస్తే తేడా వస్తుంది. సరుకు మీద కాంతి వేసి అంచనా కట్టే ఎన్‌ఐఆర్ మెషీన్ కూడా అంతే, దాని వెనక ఉన్న క్యాలిబ్రేషన్‌లో మన సరుకు లాంటిది లేకపోతే అది చెప్పేది ఊహే.

కొలవాలంటే కోళ్లు కావాలి. మామూలు దాణాలో పరీక్షించే సరుకును 30-40 శాతం కలిపి, కొన్ని రోజులు అలవాటు చేసి, తర్వాత మూడు నాలుగు రోజులు తిన్న మేతనూ వేసిన రెట్టనూ తూచాలి. రెట్టను ఆరబెట్టి, పొడి చేసి, అప్పుడు బాంబులో కాల్చాలి. తిన్నదాంట్లోంచి పోయింది తీసేస్తే ఎంఈ. కోడికి మూత్రం, మలం ఒకే దారిన వస్తాయి కాబట్టి ఎంఈ కొలవడమే సులువు. చదువుకునే రోజుల్లో ఆ ట్రేల్లోంచి ఈకలు, ఒలికిన మేత ఏరడం నా వంతు. హాస్టల్ మెస్‌లో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఒక్క ఈక ఉండిపోయినా లెక్క చెడుతుందని మా గైడ్ వెనకే నిలబడేవారు. ఆ పైన, కోడి కండలో దాచుకున్న నైట్రోజన్‌కు గ్రాముకు 8.22 కిలో కేలరీలు సవరిస్తారు, అదే ఏఎంఈఎన్. ఇంత తతంగం రెండు రోజుల్లో, వందల రూపాయల ఫీజుతో అవుతుందా?

కాబట్టి లోడు దించే ముందు తేమ, ప్రొటీన్, ఫైబర్, నూనె శాతం, శాండ్ సిలికా చేయించండి. ఎంఈ సంగతి వీటిని బట్టి మేం చూసుకుంటాం.

అపోహ: మొక్కజొన్న అంటే 3,350, ఎప్పుడైనా అంతే.

ఆ అంకె సుమారు 12 శాతం తేమకు. కొత్త పంటప్పుడు దావణగెరె నుంచి 16 శాతం తేమతో లారీ దిగితే అది 3,200కు పడిపోతుంది. నీళ్లకు ఎనర్జీ ఉండదు, రేటు మాత్రం కడుతున్నారు. ఫంగస్ గొడవ వేరే.

అపోహ: టీఎంఈ (ట్రూ ఎంఈ) అంకె పెద్దది, అదే వాడితే ఖర్చు తగ్గుతుంది.

1976లో సిబ్బాల్డ్ చూపించిన పద్ధతి అది. పెద్ద పుంజులను పస్తు పెట్టి, గొట్టంతో మేత వేసి, పస్తున్న కోడి వేసే రెట్టను మేత తిన్న కోడి రెట్ట లెక్కలోంచి తీసేస్తారు. అందుకే అంకె పెద్దది. మొదటి వారం పిల్లకు కొవ్వు సరిగా అరగదు, పుంజు అంకె దానికి అతకదు. ఒకే షీటులో సగం సరుకులకు టీఎంఈ, సగానికి ఏఎంఈఎన్ పెట్టినవాళ్లను చూశాను. దయచేసి వద్దు.

అపోహ: దాణాలో ఎంజైమ్ వేస్తే 100 కిలో కేలరీలు ఫ్రీ.

ఆ ఎంజైమ్ విరగ్గొట్టే సరుకు మేతలో ఉండాలి. గోధుమ, తవుడు ఉన్న దాణాలో జైలనేజ్ (ఫైబర్‌ను విరగ్గొట్టే ఎంజైమ్) ఇచ్చే లాభం ఒట్టి మొక్కజొన్న, సోయాలో అంత రాదు. రెండు మూడు ఎంజైములు కలిపి వేస్తూ అన్ని ప్యాకెట్ల మీది మ్యాట్రిక్స్ (ఇంత ఎనర్జీ కలిసొస్తుందని కంపెనీ చెప్పే అంకె) కూడేస్తే దాణా బలం కాగితం మీదే మిగులుతుంది. ముందు ఒక్క షెడ్డుకు సగం మ్యాట్రిక్స్‌తో వేయండి. పక్క షెడ్డుకు పాత దాణాయే ఉంచండి. 35వ రోజు రెండు షెడ్లలో బరువులు తూచి నాకు పంపండి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.