సింగపూర్ నుంచి స్నేహితులతో క్రూజ్: అపోహలు - వాస్తవాలు

సింగపూర్‌లో బయలుదేరి పెనాంగ్, పోర్ట్ క్లాంగ్, ఫుకెట్ లాంటి చోట్ల ఆగి మళ్లీ సింగపూర్ చేరే మూడు, నాలుగు రాత్రుల క్రూజ్‌లకు మన తెలుగు స్నేహితుల బృందాలను పంపడం నా పని. కాలేజీలో కలిసి చదివినవాళ్లు, ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు, రిటైరయ్యాక మళ్లీ కలిసిన సహోద్యోగులు, ఇలా రకరకాల వాళ్లు వస్తారు. అందరూ ఓడ గురించి నెలల తరబడి మాట్లాడుకుంటారు. ఎన్ని అంతస్తులు, ఎన్ని స్విమ్మింగ్ పూల్స్, రాత్రి ఏ షో ఉంటుంది అన్నీ చెప్పేస్తారు. ఓడ ఎక్కే ముందు రోజు ఏం చేస్తారని అడిగితే మాత్రం సమాధానం ఉండదు. ట్రిప్ బాగా మొదలయ్యేదీ, గాడి తప్పేదీ ఎక్కువగా ఆ ఒక్క రోజు దగ్గరే. అందుకే దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

అపోహ: ఓడ సాయంత్రమే కదా, ఆ పొద్దున సింగపూర్‌లో దిగితే సరిపోతుంది.

సరిపోదు. టికెట్ మీద ఉండేది ఓడ కదిలే సమయం. చెక్-ఇన్ కౌంటర్ అంతకు చాలా ముందే, తరచుగా గంట, గంటన్నర ముందే మూసేస్తారు. దానికి ముందు మీరు సామాను అప్పగించాలి, సెక్యూరిటీ దాటాలి, సింగపూర్ నుంచి బయటికి వెళ్తున్నట్టు ఇమిగ్రేషన్ తనిఖీ పూర్తి చేసుకోవాలి. ఇది కూడా ఒక దేశం నుంచి బయలుదేరడమే. కౌంటర్ మూసేశాక బతిమాలినా ఎవరూ ఏమీ చేయలేరు.

హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు నాలుగున్నర గంటల ప్రయాణం. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. మన రాత్రి ఫ్లైట్ ఎక్కితే అక్కడ పొద్దున దిగుతారు. ఆ ఫ్లైట్ ఐదు గంటలు ఆలస్యమైందనుకోండి, హోటల్ అయితే మీ కోసం ఉంటుంది, ఓడ ఉండదు. పైగా బృందంలో ఒకరు విజయవాడ నుంచి, ఒకరు బెంగళూరు నుంచి, ఒకరు దుబాయ్ నుంచి వస్తుంటారు. ఎన్ని ఫ్లైట్లు ఉంటే అన్ని టెన్షన్లు. అందుకే కనీసం ఒక రాత్రి ముందు చేరుకోండి. ఆ ఒక్క రాత్రి హోటల్ ఖర్చు మిగుల్చుకోవాలని చూడకండి.

అపోహ: ముందు రోజు చేతిలో ఉంది కాబట్టి సింగపూర్ మొత్తం చూసేయొచ్చు.

బృందాలు నాకు పంపే ప్లాన్‌లలో ఎక్కువగా కనిపించేది ఇదే: దిగగానే యూనివర్సల్ స్టూడియోస్, సాయంత్రం గార్డెన్స్ బై ద బే, రాత్రి నైట్ సఫారీ, మర్నాడు పొద్దున సెంటోసా దీవి, మధ్యాహ్నం ఓడ. విమానంలో నిద్ర లేకుండా దిగినవాళ్లు ఇలా తిరిగితే ఓడ ఎక్కిన మొదటి సాయంత్రం కేబిన్‌లో పడి నిద్రపోతారు. అంత డబ్బు పెట్టి చూడాలనుకున్న సూర్యాస్తమయం, డెక్ మీద నుంచి వెనక్కి జరిగిపోయే సింగపూర్, రెండూ చేజారిపోతాయి.

నేను సాధారణంగా ఇచ్చే ప్లాన్ చాలా చిన్నది. హోటల్ లిటిల్ ఇండియాలో తీసుకోండి. గదులు మధ్యాహ్నం రెండు, మూడు దాకా ఇవ్వరు కాబట్టి సామాను రిసెప్షన్‌లో పెట్టి టెక్కా సెంటర్‌లో గానీ, చుట్టుపక్కల హోటళ్లలో గానీ టిఫిన్ చేయండి. శ్రీ వీరమాకాళియమ్మన్ గుడి, శ్రీ శ్రీనివాస పెరుమాళ్ గుడి రెండూ సెరంగూన్ రోడ్డు మీదే ఉన్నాయి, నడిచి వెళ్లొచ్చు. మధ్యాహ్నం వేళ గుళ్లు మూసేస్తారు, కాబట్టి పొద్దునే వెళ్లాలి. తర్వాత గది తీసుకుని, స్నానం చేసి, రెండు గంటలు పడుకోండి. దయచేసి ఈ రెండు గంటలు ఎవరూ కొట్టేయకండి.

సాయంత్రం లిటిల్ ఇండియా స్టేషన్‌లో డౌన్‌టౌన్ లైన్ రైలు ఎక్కితే మారకుండా బేఫ్రంట్‌లో దిగుతారు. అక్కడి నుంచి గార్డెన్స్ బై ద బేకు నడకే. సూపర్‌ట్రీలు అనే ఎత్తైన చెట్ల ఆకారపు కట్టడాల కింద 7:45కి ఒకసారి, 8:45కి ఇంకోసారి లైట్ షో ఉంటుంది, టికెట్ లేదు. 7:45 షో చూసి, మెల్లగా మెరీనా బే సాండ్స్ ముందున్న నీటి ఒడ్డుకు వచ్చేస్తే 9 గంటలకు అక్కడ నీళ్ల మీద ఇంకో షో, అదీ ఉచితమే. పదిమంది స్నేహితులు మెట్ల మీద పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఆ ఊళ్లో నాకు తెలియదు.

ఓడ ఎక్కే రోజు పొద్దున ఒక్క చోటు చాలు. చైనాటౌన్‌లో సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీదున్న శ్రీ మారియమ్మన్ గుడి 1827 నాటిది, సింగపూర్‌లో అన్నిటికంటే పాత హిందూ దేవాలయం. గుడి వద్దనుకుంటే బొటానిక్ గార్డెన్స్ ఉంది. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, ప్రవేశం ఉచితం. పదకొండున్నరకల్లా హోటల్‌కు తిరిగొచ్చి, సామాను తీసుకుని బయలుదేరాలి. సెంటోసా, జూ, యూనివర్సల్ స్టూడియోస్ చూడాలని ఉంటే క్రూజ్ అయ్యాక ఇంకో రెండు రోజులు పెట్టుకోండి.

అపోహ: టాక్సీవాడికి "క్రూజ్ టెర్మినల్" అంటే చాలు.

సింగపూర్‌లో టెర్మినళ్లు రెండు. ఒకటి 2012లో తెరిచిన మెరీనా బే క్రూజ్ సెంటర్, పెద్ద ఓడలు ఎక్కువగా ఇక్కడికే వస్తాయి. ఇంకోటి హార్బర్‌ఫ్రంట్‌లో, వివోసిటీ మాల్ పక్కన ఉన్న సింగపూర్ క్రూజ్ సెంటర్. బోర్డింగ్ పాస్ మీద ఏది రాసి ఉందో ఆ పేరు పూర్తిగా చెప్పండి. బృందం మూడు టాక్సీల్లో వెళ్తుంటే మూడింటిలోనూ ఆ పాస్ ఉండాలి. మెరీనా బే టెర్మినల్‌కు దగ్గర్లో మెరీనా సౌత్ పియర్ స్టేషన్ ఉంది గానీ, పెద్ద సూట్‌కేసులతో రైలు ప్రయాణం పెట్టుకోవద్దు.

అపోహ: సింగపూర్ వీసా ఒకసారి వచ్చాక ఇక కాగితాల పని లేదు.

ఓడ ఎక్కినప్పుడు మీరు సింగపూర్ వదిలి వెళ్లినట్టు. తిరిగొచ్చినప్పుడు మళ్లీ కొత్తగా ప్రవేశించినట్టు. అంటే భారతీయ పాస్‌పోర్టు మీద వెళ్లేవాళ్లకు మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. ఎస్‌జీ అరైవల్ కార్డు (సింగపూర్‌లోకి వచ్చేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) కూడా విమానంలో దిగేటప్పుడు ఒకసారి, ఓడలో తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి నింపాలి. చేరే రోజుతో కలిపి మూడు రోజుల లోపే అది నింపే వీలుంటుంది కాబట్టి రెండోది ఓడలో ఉండగానే చేయాల్సి వస్తుంది. ప్రభుత్వ సైట్‌లో దీనికి ఒక్క పైసా కట్టక్కర్లేదు. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే వెంటనే మూసేయండి. మలేషియా, థాయ్‌లాండ్ నిబంధనలు తరచూ మారుతుంటాయి. బుక్ చేసేటప్పుడు ఒకసారి, బయలుదేరే వారం ముందు ఇంకోసారి చూసుకోవాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి.

సామాను గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చూయింగ్ గమ్, ఈ-సిగరెట్లు, నమిలే పొగాకు సింగపూర్‌లోకి తీసుకెళ్లకూడదు. సిగరెట్లకు డ్యూటీ ఫ్రీ మినహాయింపు లేదు, ఉన్నవన్నీ చూపించి పన్ను కట్టాలి. మన ఇళ్లలో చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది: గసగసాలు అక్కడ నిషేధం. అమ్మ ప్రేమగా కట్టిచ్చిన మసాలా పొడిలో అవి ఉన్నాయేమో అడిగి మరీ సర్దుకోండి.

అపోహ: టికెట్ కొన్నాక ఓడలో అన్నీ ఫ్రీ.

కేబిన్, మెయిన్ డైనింగ్, బఫే, ఎక్కువ షోలు, పూల్ టికెట్‌లోనే వస్తాయి. మద్యం, స్పెషాలిటీ రెస్టారెంట్లు, వైఫై, స్పా, ఒడ్డున తిప్పే టూర్లు విడిగా. వీటికి తోడు తలకు, రాత్రికి ఇంత అని సర్వీస్ ఛార్జీ ఉంటుంది. చాలా కంపెనీలు పిల్లలకూ వేస్తాయి. బుకింగ్‌లోనే కట్టేశారా, చివర్లో బిల్లులో వస్తుందా అన్నది ముందే అడగండి.

స్నేహితుల బృందాల్లో డబ్బు దగ్గర వచ్చే ఇబ్బందులు నాకు బాగా తెలుసు, అందుకే మూడు మాటలు. ఒకటి, నాలుగు కేబిన్ల ఖాతాలను ఒకరి కార్డుకు కట్టకండి. ఎవరు ఏం తాగారో చివరి రోజు లెక్క తేల్చుకోవడం స్నేహానికి మంచిది కాదు. రెండు, డెబిట్ కార్డు ఇస్తే కొంత మొత్తాన్ని ముందే బ్లాక్ చేస్తారు, అది వెనక్కి రావడానికి రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డు గానీ, నగదు డిపాజిట్ గానీ మేలు. మూడు, విదేశీ టూర్ ప్యాకేజీ మీద మన దగ్గర టీసీఎస్ (అమ్మేవాళ్లే తీసుకుని ప్రభుత్వానికి జమచేసే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. అందరి తరఫునా ఒకరే కడితే ఆ మొత్తం ఆ ఒక్కరి పాన్ మీద జమవుతుంది, రిటర్న్‌లో వెనక్కి పొందేదీ వాళ్లే. ఎవరి వాటా వాళ్లు కట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

అపోహ: నలుగురం ఒకే కేబిన్‌లో సర్దుకుంటే చవక, సరదా.

చవకే, ఎందుకంటే మూడో, నాలుగో మనిషికి ధర తక్కువ. కానీ ఉండేది ఒక్క బాత్రూమ్. పైన రెండు బెర్తులు పైకప్పు నుంచో గోడ నుంచో కిందికి దిగుతాయి. పొద్దున ఏడున్నరకు ఒడ్డుకు దిగాలంటే నలుగురూ ఐదు నుంచి వరుసలో నిలబడాలి. ఇరవైల్లో ఉన్నవాళ్లకు పర్వాలేదు. నలభై దాటిన స్నేహితులకు ఇద్దరిద్దరికి ఒక కేబిన్ చొప్పున, కిటికీ లేనిదైనా సరే, తీసుకోమంటాను. "గ్యారంటీ కేబిన్" అని తక్కువ ధరకు ఇచ్చేవాటిలో కేబిన్ నంబరు కంపెనీయే నిర్ణయిస్తుంది. అప్పుడు ఒకరు ఆరో అంతస్తులో, ఇంకొకరు పన్నెండో అంతస్తులో పడొచ్చు. పక్కపక్కనే కావాలంటే నంబర్లు చూసి ఎంచుకోవాలి, బుకింగ్‌లన్నీ ఒకదానితో ఒకటి లింక్ చేయించాలి. భోజనానికి ఒకే టేబుల్ దొరికేదీ ఆ లింక్ వల్లే.

అలాగని పొద్దున్నుంచి రాత్రి దాకా అందరూ కలిసే తిరగాలని పట్టుబట్టకండి. ఒకరికి పూల్, ఒకరికి షో, ఒకరికి పుస్తకం పట్టుకుని డెక్ మీద కూర్చోవడం ఇష్టం. రాత్రి భోజనానికి మాత్రం అందరూ ఒక టేబుల్ దగ్గరికి చేరాలి అని ఒక్క మాట అనుకోండి, చాలు.

అపోహ: సేఫ్టీ డ్రిల్ (ప్రమాదం వస్తే ఏం చేయాలో చెప్పే సాధన) ఒక ఫార్మాలిటీ.

2012 జనవరి 13న ఇటలీలో జిల్యో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే సివిటవెకియా రేవులో ఎక్కిన వందలాది మందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. అప్పటి నియమం ప్రకారం 24 గంటల్లోపు చేస్తే సరిపోయేది. ఆ ప్రమాదం తర్వాత అంతర్జాతీయ నియమం మార్చారు. 2015 నుంచి ఓడ బయలుదేరే ముందే గానీ, బయలుదేరిన వెంటనే గానీ డ్రిల్ జరగాలి. ఇప్పుడు చాలా ఓడల్లో ఫోన్‌లోనో టీవీలోనో వీడియో చూసి, మీకు కేటాయించిన చోటికి వెళ్లి హాజరు వేయించుకోవడమే. ఎక్కగానే బఫేకి పరిగెత్తకుండా ముందు ఈ పని చేయండి. బృందంలో పెద్దవాళ్లుంటే వాళ్ల చోటు కూడా మీరు చూసి గుర్తుపెట్టుకోండి.

కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె తేవద్దనేది కూడా ఇందుకే. నడిసముద్రంలో మంటలు అంటుకుంటే ఫైరింజన్ రాదు, ఆర్పాల్సింది ఆ సిబ్బందే. భోజనం గురించి దిగులు వద్దు. సింగపూర్ నుంచి వెళ్లే ఓడల్లో మనవాళ్లు ఎక్కువగా ఉంటారు కాబట్టి భారతీయ వంటకాలు మామూలే. జైన భోజనం లాంటివి మాత్రం బుకింగ్‌లోనే చెప్పాలి.

అపోహ: సముద్రం పడదు, క్రూజ్ మన వల్ల కాదు.

మలక్కా జలసంధికి ఒక పక్క మలయా ద్వీపకల్పం, ఇంకో పక్క సుమత్రా ఉన్నాయి. అందుకే నీళ్లు మామూలుగా ప్రశాంతంగానే ఉంటాయి. ఓడ ఒరగకుండా పక్కల నుంచి రెక్కల్లాంటి స్టెబిలైజర్లు పనిచేస్తాయి. భయం ఉన్నవాళ్లు కింది అంతస్తుల్లో, ఓడ మధ్య భాగంలో కేబిన్ తీసుకోండి, ఊపు అక్కడ తక్కువ. మాత్రలు తల తిరగడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. ఏది వేసుకోవాలో మీ డాక్టర్‌నే అడగండి. ఫుకెట్ వైపు మాత్రం నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు పెరుగుతాయి. పటాంగ్ తీరంలో ఓడ దూరంగా ఆగి చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చాల్సి వస్తే, అలలు ఎక్కువైన రోజు కెప్టెన్ దాన్ని రద్దు చేయొచ్చు.

అపోహ: ఫోన్‌లో టైమ్ ఉంది, ఇంటర్నేషనల్ ప్యాక్ ఉంది, ఇంకేం కావాలి?

రెండూ దెబ్బకొట్టేవే. థాయ్‌లాండ్ సమయం సింగపూర్‌కంటే గంట వెనక. ఓడ సింగపూర్ సమయమే పాటిస్తూ 4:30కల్లా ఎక్కమంటే, ఫుకెట్‌లో మీ ఫోన్ 4:30 చూపించేసరికి ఓడ గడియారంలో 5:30. ఓడ ఏ సమయం పాటిస్తుందో దిగే ముందు అడిగి, ఒక్కరైనా మామూలు చేతి గడియారం దానికి సరిచేసి పెట్టుకోండి. ఓడ నడిపే టూర్ ఆలస్యమైతే మీ కోసం ఆగుతారు. సొంతంగా టాక్సీ మాట్లాడుకుని వెళ్తే ఆగరు, తర్వాతి ఊరికి మీ ఖర్చుతో చేరుకోవాలి. పెనాంగ్‌లో ఈ భయం తక్కువ, ఓడ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ నుంచి జార్జ్‌టౌన్ పాత వీధుల్లోకి నడిచే వెళ్లొచ్చు. పోర్ట్ క్లాంగ్‌లో అలా కాదు. అక్కడి నుంచి కౌలాలంపూర్ చేరడానికే గంటకు పైగా పడుతుంది, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. ఆ ఊరికి ఓడ టూర్ తీసుకోవడమే మంచిది.

ఇక ఫోన్: నడిసముద్రంలో కనిపించే సిగ్నల్ ఓడ సొంత ఉపగ్రహ నెట్‌వర్క్‌ది. సింగపూర్, మలేషియాల కోసం కొన్న మామూలు ప్యాక్ దానికి వర్తించదు, బిల్లు భారీగా వస్తుంది. ఓడ కదలగానే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, కావాలంటే ఓడ వైఫై కొనుక్కోండి.

అపోహ: పొద్దున ఏడుకు ఓడ తిరిగొస్తుంది, పదింటి ఫ్లైట్ పట్టుకోవచ్చు.

ఓడ ఆగడం వేరు, మీరు దిగడం వేరు. ముందు రాత్రే పెద్ద సామాను కేబిన్ బయట పెట్టాలి, పొద్దున దిగే వంతు బట్టి పిలుస్తారు. వేలమంది దిగాలి, ఇమిగ్రేషన్ క్యూ ఉంటుంది, సామాను వెతుక్కోవాలి, తర్వాత చాంగి విమానాశ్రయం దాకా టాక్సీ. మధ్యాహ్నం రెండు దాటిన ఫ్లైట్ తీసుకోండి. సమయం మిగిలితే చాంగిలో జువెల్ మాల్ ఉంది, లోపల 40 మీటర్ల ఎత్తు నుంచి జలపాతం పడుతుంది. రాత్రి ఫ్లైట్ అయితే ఇంకా మంచిది, ముందు రోజు వదిలేసిన సెంటోసా చూసి రావచ్చు. మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు మాత్రం ఆ చివరి రాత్రి బయట పెట్టే సూట్‌కేసులో సర్దేయకండి, చేతి సంచిలోనే ఉంచుకోండి.