బాయిలర్ ముల్లు మూడు దగ్గర నిలిస్తే

నెల్లూరు

బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లలందరికీ పెదనాన్న ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటో చూశాను. మీ ఇంటి బాయిలర్‌లో నీటి ఒత్తిడి చూపే ముల్లు ఎర్ర గీతకు ఆనుకుని 3 దగ్గర ఉంది. బయట గోడకున్న రాగి గొట్టం నుంచి నీళ్లు కారుతున్నాయని, దానికి బిరడా బిగించమంటారా అని అడిగారు. వద్దు. ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. 3 బార్లు దాటితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు ఆ దారినే నీళ్లు బయటకు పంపుతుంది. ఇక్కడి రైసుమిల్లులో ఊకతో మండే బాయిలర్ దగ్గరే నా ఉద్యోగమంతా గడిచింది. అది ఉప్పుడు బియ్యానికి ఆవిరి ఇచ్చేది, మీది గదులను వెచ్చబెట్టేది. రెండింటికీ పోలిక తక్కువే. కానీ సేఫ్టీ వాల్వు దారి మూయకూడదన్న నియమం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఒక బార్ అంటే సుమారు 10 మీటర్ల ఎత్తు నీళ్లు అడుగున కలిగించే ఒత్తిడి. మీ బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 చూపాలి. రేడియేటర్లు, అంటే గదుల్లో వేడినీళ్లు పారే ఉక్కు పలకలు, కాగాక 2 దాకా వెళ్లినా కంగారు పడనక్కరలేదు.

ముల్లు ఎంత ఎక్కిందన్నదాని కంటే ఎప్పుడు ఎక్కిందన్నదే ముఖ్యం. బాయిలర్ పూర్తిగా చల్లారాక ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి చూసి రాసుకోండి.

చల్లగా ఉన్నప్పుడు సరిగానే ఉండి, వేడెక్కగానే 3కు ఎగబాకి, చల్లారితే మళ్లీ దిగుతోందా? అయితే ఎక్స్‌పాన్షన్ వెసెల్‌ను అనుమానించాలి. 10 డిగ్రీల నీళ్లు 80 డిగ్రీలకు కాగితే దాదాపు 3 శాతం ఉబ్బుతాయి. అన్ని వైపులా మూసి ఉన్న గొట్టాల్లో ఆ ఉబ్బిన నీటికి చోటెక్కడ? అందుకే ఈ డబ్బా పెట్టారు. లోపల రబ్బరు పొర ఉంటుంది, దానికి ఒక పక్క నీళ్లు, మరో పక్క గాలి. నీళ్లు ఉబ్బినప్పుడు గాలి నలిగి చోటిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాలి తగ్గిపోతుంది, లేదా పొర చిరుగుతుంది. గాలి నింపే వాల్వు నొక్కినప్పుడు నీళ్లు చిమ్మితే పొర చిరిగినట్టే. ఆ పరీక్ష మాత్రం మెకానిక్ చేయాలి.

చల్లగా ఉన్నా ముల్లు పైకి పాకుతుంటే, వీధి మెయిను, అంటే ఊరి నీళ్ల గొట్టం, నుంచి నీళ్లు లోపలికి చొరబడుతున్నట్టు. బాయిలర్ కింద లోహపు తీగ అల్లిన చిన్న గొట్టం ఉంటుంది, దాన్ని ఫిల్లింగ్ లూప్ అంటారు. చలికాలం మొదట్లో నీళ్లు నింపామని రాశారు కదా, నా అనుమానం దాని మీదే. దాని కుళాయిలు పూర్తిగా కట్టేసి ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి. కట్టేసినా, ఆ గొట్టాన్ని విప్పించినా ముల్లు ఎక్కుతూనే ఉంటే, స్నానాల నీళ్లు కాచే హీట్ ఎక్స్ఛేంజర్‌కు లోపల చిల్లు పడి ఉండవచ్చు. మెయిను ఒత్తిడి ఎక్కువ కనుక నీళ్లు అటునుంచి ఇటు తోసుకొస్తాయి.

తాత్కాలికంగా ఒత్తిడి తగ్గించాలంటే బాయిలర్ ఆపి, చల్లారనిచ్చి, రేడియేటర్ పక్కనున్న చిన్న వాల్వును దాని తాళంచెవితో కొద్దిగా తిప్పండి. కింద మగ్గు, చేతిలో గుడ్డ ఉంచుకోండి. ముల్లు 1.2 దగ్గరకు రాగానే బిగించండి. ఇదే రోజువారీ వైద్యం చేసుకోకండి. నీళ్లు తీసి కొత్తవి నింపిన ప్రతిసారీ వాటితో ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది, ఉక్కు రేడియేటర్లు లోలోపల తుప్పు పట్టి నల్లటి బురద పేరుకుంటుంది.

బాయిలర్ మూత మాత్రం మీరు తెరవకండి. అది గ్యాస్ పరికరం, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే అక్కడ గ్యాస్ పనికి అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో, పేరున్న మెకానిక్ చేతే చూపించాలి. అద్దె ఇల్లు కనుక హీటింగ్ బాగుచేయించే బాధ్యత యజమానిది. మొహమాటపడకుండా ఫోను చేసి, మీరు రాసుకున్న అంకెలు చెప్పండి. వచ్చిన మెకానిక్‌ను సేఫ్టీ వాల్వు కూడా చూడమనండి. ఒకసారి తెరుచుకున్న వాల్వులో నలక ఇరుక్కుంటే సరిగా మూసుకోక, ఒత్తిడి తగ్గాక కూడా కారుతూనే ఉంటుంది. అలాంటప్పుడు దాన్ని మార్పించాల్సిందే.

మీ పెదనాన్న