సూది పడితే గడ్డ పాకుతుందా?

ఒంగోలులో పెథాలజిస్టుగా పనిచేస్తున్నాను. గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూసే పరీక్షకు బల్ల మీద పడుకున్నవాళ్లు చెయ్యి పట్టుకుని అడిగే మాట ఒకటే: "మేడం, సూదేస్తే గడ్డ పాకుద్దంట గదా?"

అపోహ: గడ్డను కెలికితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది.

వాస్తవం: పాకే గుణం సూదితో రాదు, కణంలోనే ఉంటుంది. మామూలు కణాలు ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌తో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. చాలా క్యాన్సర్లలో ఆ పట్టు సడలిపోతుంది. కణం లోపల యాక్టిన్ అనే ప్రోటీన్ తీగలు పెరిగి కణత్వచాన్ని, అంటే కణం పైపొరను, ముందుకు నెడతాయి. అది పల్చటి రేకులా సాగి, కణాల మధ్య ఉండే పీచును పట్టుకుని, వెనక భాగాన్ని లాక్కుంటుంది. దారి ఇరుకైతే కణత్వచం బుడగల్లా ఉబ్బి సందులో దూరుతుంది. మనం ముట్టుకున్నా ముట్టుకోకపోయినా ఈ పని సాగుతూనే ఉంటుంది.

లోబ్యులర్ రకం రొమ్ము క్యాన్సర్ ముక్కకు ఈ-క్యాడ్‌హెరిన్‌ను చూపించే రంగు వేసి చూస్తే, మామూలు పాల నాళాల కణాల చుట్టూ గోధుమరంగు గీత ఉంటుంది. క్యాన్సర్ కణాలకు చాలావరకు ఆ గీతే కనిపించదు. చీమల బారులా ఒకదాని వెనక ఒకటి పీచుల మధ్యకు చొరబడి ఉంటాయి. ఆ బారు మా సూది వేసింది కాదు.

సూది దారిలో కణాలు మిగలడం అసలే జరగదని చెప్పను, కానీ చాలా అరుదు. అందుకే వృషణంలో గడ్డకు మామూలుగా సూది వేయం. కాలేయంలో కొన్ని గడ్డలను స్కాన్‌తోనే తేలుస్తారు. ఆ జాగ్రత్త మాది, ఆ టెన్షన్ మీకెందుకు?

కొండపి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. రొమ్ములో చిక్కుడు గింజంత గడ్డ ఉన్నప్పుడే చూసుకుంది. ఎవరో "కెలక్కు" అన్నారు. పొగాకు బ్యారన్ పని అయ్యాక చూద్దాంలే అనుకుంది. ఎనిమిది నెలలు గడిచాయి. నేను చూసేసరికి నిమ్మకాయంత అయింది, చంకలో బిళ్లలు కట్టాయి. ఆమె మీద నాకు కోపం లేదు, భయపడింది పాపం. ఏమీ తెలియకుండా సలహా ఇచ్చినవాళ్ల మీదే కోపం.

ఆపరేషన్‌లో గాలి తగిలి పాకడం, చక్కెర మానేస్తే తగ్గిపోవడం, రెండూ అబద్ధాలే. "నొప్పి లేదు కదా" అని ఊరుకోకండి. రొమ్ములో క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు.

ఆ కొండపి ఆవిడకు కీమో, ఆపరేషన్ అయ్యాయి. పోయిన నెల చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది, చిన్న గడ్డ తగిలి వారం కూడా కాలేదట. నేను సూది వేస్తున్నంతసేపూ చెల్లెలి చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడింది.