బెడ్‌సోర్లు ముసలితనం వల్ల రావు

"మంచాన పడ్డాక పుండ్లు తప్పవు కదా సిస్టర్?" మన వైజాగ్‌లో ఎంవీపీ కాలనీలోనూ ఇదే ప్రశ్న, గాజువాకలోనూ ఇదే ప్రశ్న. ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసే నర్సుని నేను. ఈ ఒక్క నమ్మకం చేసినంత నష్టం ఇంకే అపోహా చేయడం చూడలేదు. ఎలాగూ తప్పదనుకున్నవాళ్లు వీపు తిప్పి చూడరు. చూసేసరికి ఎముక దాకా వెళ్లిపోయి ఉంటుంది.

బెడ్‌సోర్ అంటే ఈ మంచం పుండే. అది పడేది వయసు వల్ల కాదు, ఒత్తిడి వల్ల. ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి, రక్తం అందక కండ చచ్చిపోతుంది. దానికి కొన్ని గంటలు చాలు. తోక ఎముక, తుంటి, మడమలు ముందు దెబ్బతింటాయి. జబ్బు ముదిరి చివరి రోజుల్లో ఉన్న కొందరికి ఎంత చేసినా పడొచ్చు, నిజమే. మిగతావాళ్లలో చాలావరకు ఆపగలం.

ఒళ్లు తుడిచేటప్పుడు ఆ చోట్ల వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే పరవాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే అది పుండుకి మొదటి దశ. నెట్‌లో ఫొటోల్లో ఉన్నంత ఎర్రగా మనవాళ్ల ఒంటిమీద కనిపించదు. కమిలినట్టు నల్లగా ఉంటుంది, తాకితే పక్క చర్మం కన్నా వేడిగానో గట్టిగానో తగులుతుంది.

ఇక్కడే వాట్సాప్ వైద్యం మొదలవుతుంది. మర్దనా, స్పిరిట్, పౌడర్, పసుపు. దయచేసి ఇవన్నీ ఆపండి. లోపల దెబ్బతిన్న కండని రుద్దితే ఇంకా చితుకుతుంది, స్పిరిట్ చర్మాన్ని ఎండగట్టేస్తుంది. మధ్యలో కన్నం ఉన్న గాలి ట్యూబ్ కూడా వద్దు. దాని అంచు చుట్టూ నొక్కుకుని, మధ్యకి రక్తం అందకుండా చేస్తుంది.

కావాల్సింది పక్క మార్చడం. రెండు గంటలకోసారి అన్నది మొదలుపెట్టడానికి ఒక లెక్క. మచ్చ కనిపిస్తే ఇంకా ముందే తిప్పాలి. పూర్తిగా తుంటి మీద పడుకోబెట్టకుండా, వీపు వెనక దిండు పెట్టి ముప్పై డిగ్రీలు వాల్చండి. పిక్కల కింద దిండు పెడితే మడమలు గాల్లో ఉంటాయి. పైకి జరపాలంటే చంకలు పట్టి లాగొద్దు, కింద వేసిన దుప్పటిని ఇద్దరు పట్టుకుని ఎత్తండి. మన వైజాగ్ ఉక్కపోతలో చెమట, తడి డైపర్ కలిస్తే చర్మం నానిపోతుంది, అదీ చూసుకోవాలి.

"ఎయిర్ బెడ్ కొన్నాం కదా, ఇంకా తిప్పాలా?" పంపుతో గాలి నింపే ఆ పరుపు ఉన్నా తిప్పాలి. కూర్మన్నపాలెంలో స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయనకి పక్షవాతం. విదేశంలో ఉన్న కూతురు ఖరీదైన బెడ్ కొనిపించింది. ఆ ధైర్యంతో తిప్పడం మానేశారు. నేను ఆయన నడుము కింద, ఆ గాలి పరుపు అడుగున చెయ్యి పెట్టి చూస్తే ఎముక నా అరచేతికి తగిలింది. ఆ చోట కనీసం అంగుళం మందం గాలి ఉండాలి. పంపు మీద బరువు నాబ్ ఎవరూ సరిచేయలేదు. ఆడపడుచు వీడియో కాల్‌లో "మా నాన్నని సరిగ్గా చూడట్లేదు" అంటుంటే, రాత్రిళ్లు నిద్ర లేని ఆ కోడలు గుడ్లనీళ్లు కుక్కుకుంటూ నిలబడింది. ఫోన్ తీసుకుని నేనే చెప్పాను: "అమ్మా, వదినగారి తప్పేం లేదు. ఆమెకి ఎవరూ నేర్పలేదు. డబ్బు పంపుతున్నారు, మంచిదే. రాత్రికి ఇంకో మనిషిని కూడా పెట్టండి." అన్నట్టు, కరెంటు పోతే ఆ పంపు ఆగిపోతుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మనకి రోజుల తరబడి కరెంటు లేదన్న సంగతి మరిచిపోకండి.

పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందన్నది మరో మొండి నమ్మకం. పుండు మానాలంటే ప్రొటీనే కావాలి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఎంత పెట్టాలో డాక్టర్ని అడగండి.

మిగతావి త్వరగా చెప్పేస్తా. డైపర్ మార్చలేక నీళ్లు తగ్గించడం వద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం వస్తాయి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడితే అది వయసు మతిమరుపు కాదు. ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం (ఉప్పు) తగ్గడం, కొత్త మందు, వీటిలో ఏదైనా కావచ్చు, ఆ రోజే చూపించాలి. తెల్లకోటు వేసుకున్న ప్రతి మనిషీ నర్సు కాదు, ట్యూబ్, డ్రెస్సింగ్ పనులుంటే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అడగండి. వృద్ధుల హోమ్‌లో చేర్పించడం అంటే వాళ్లని వదిలేయడం కాదు. చేర్చే ముందు మాత్రం రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో, పక్కలు ఎవరు మారుస్తారో అడగండి. సలహా కావాలన్నా, పెద్దవాళ్లని ఎవరైనా వేధిస్తున్నా పెద్దవాళ్ల కోసం పెట్టిన 14567 ఎల్డర్‌లైన్ ఫోన్ నంబరు ఉంది, ఉచితం.

పుండు నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి), మీకు దగ్గర్లో ఉన్న సర్జన్ దగ్గరికో అదే రోజు తీసుకెళ్లండి.