ఆనపబుర్రలో విత్తనం

ఒడిశాలో గుణుపురం దాటి రాయగడ వైపు వెళ్తుంటే కొండవాలు పొలాల్లో ఇప్పుడు ఎక్కువగా పత్తే కనిపిస్తుంది. వెనకటికి అదే చెక్కలో, అంటే పొలం ముక్కలో, సామ, చోడి (రాగి), వలిస అనే నూనెగింజ, కంది కలిపి చల్లేవారు. సామ దసరాకి ముందే కోతకొచ్చి, వానాకాలం చివర గింజల్లేని రోజుల్ని గట్టెక్కించేది. ఆ వెనకే చోడి, వలిస. కంది సంక్రాంతి దగ్గర పడ్డాక. ఒకటి పోయినా ఇంకోటి ఇల్లు చేరేది. పత్తిలో డబ్బు ఒక్కసారే వస్తుంది. వచ్చేసరికి ఎరువుల కొట్టు బాకీ ఎదురుచూస్తూ ఉంటుంది.

ఈ తేడాకి సగం కారణం విత్తనంలోనే ఉంది. చోడి పువ్వు దాదాపు ఎప్పుడూ సొంత పుప్పొడితోనే గింజ కడుతుంది. అందుకే ఈ ఏటి వెన్నులోంచి తీసిన గింజ వేస్తే పై ఏడూ అదే రకం పండుతుంది. ఒక ఇంట్లో పొయ్యి పైన ఎండు ఆనపబుర్ర వేలాడుతోంది. పొగకి నల్లబడింది, మూతికి గుడ్డపీలిక కుక్కారు. ఇంటి పెద్దావిడ దాన్ని దించి నా చెవి దగ్గర ఆడించింది. గలగలమంటే విత్తనం బాగా ఎండినట్టట.

పత్తి విత్తనాన్ని అలా దాచలేం. మన దేశంలో 2002 నుంచి సాగులో ఉన్న బీటీ పత్తి (కాయపురుగుని తట్టుకునేలా జన్యువు చేర్చినది) ఎక్కువగా హైబ్రిడ్, అంటే రెండు రకాల్ని కలిపి పుట్టించిన సంకర విత్తనం. దాని గింజ తీసి మళ్లీ వేస్తే గుణాలు చెదిరి, ఒక మొక్క పొడుగ్గా, ఒకటి గిడసగా, కాపు తలో రకంగా వస్తుంది. ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. విత్తనం మీద ఆడవాళ్లకున్న పెత్తనం అలా కొట్టుకి పోయింది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

తిండి కూడా మారింది. 100 గ్రాముల చోడిలో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో 10 మిల్లీగ్రాములకి అటూ ఇటూ. చెక్కలోంచి చోడి పోతే పిల్లల గిన్నెలోంచి అంబలి పోతుంది. పత్తి బదులు నీలగిరి (యూకలిప్టస్) తోటలు వేస్తే కోతకి నాలుగైదేళ్లు పడుతుంది. అందాకా అందులో కూలిపని పెద్దగా ఉండదు, జనం బతుకుతెరువుకి బస్సెక్కుతారు.

అలాగని పత్తి వేసినవాళ్లని తప్పు పట్టలేను. ఫీజులకీ ఆస్పత్రికీ నోట్లే కావాలి. చోడికి కూడా నికరమైన ధర ఉంటేనే రైతు దానివైపు చూస్తాడు. ఒడిశా ప్రభుత్వం 2017లో రాయగడ, కోరాపుట్, గజపతి సహా 7 జిల్లాల్లో చిరుధాన్యాల కోసం మిల్లెట్ మిషన్ అనే పథకం మొదలుపెట్టి, తర్వాత చోడిని మద్దతు ధరకి కొనడం ప్రారంభించింది. 2024–25లో ఆ ధర క్వింటాకి 4,290 రూపాయలు.

ఆ పెద్దావిడ ఇంటివాళ్లు కింది చెక్కలో పత్తి వేసి, పై చెక్క చోడికి ఉంచుకున్నారు. "కిందది ఫీజులకి, పైది అంబలికి, బాబూ" అంటూ బుర్రని మళ్లీ పొయ్యి పైన కట్టింది.