అటక మీది దెయ్యాలు: బరంపురం నుంచి జయపురం దాకా హారర్ క్యాసెట్ల వెనక కథ

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్లలో తెలుగువాళ్ల పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటే పోయి స్లాబు ఇళ్లు లేస్తున్నాయి. సామాను దించేటప్పుడు అటకల మీంచి నల్ల ప్లాస్టిక్ వీడియో క్యాసెట్లు సంచుల కొద్దీ బయటపడుతుంటాయి. ఎవరి పెళ్లి వీడియో అయినా ఉందేమోనని నాలుగు తిప్పి చూసి, మిగతావి పాత సామాన్ల బండిలోకి ఎత్తేస్తారు. ఆ మిగతావాటిలోనే స్కెచ్ పెన్నుతో ‘దెయ్యం – హిందీ’, ‘ఇంగ్లీషు భూతం’ అని రాసినవి ఉంటాయి. వాటి కోసం తిరిగేవాళ్లం కొందరం ఉన్నాం. “అవన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయిగా, ఈ చెత్త మీకెందుకు?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పెద్ద హీరో సినిమాకి అన్నీ ఉంటాయి. పత్రికల్లో సమీక్షలు వస్తాయి, వంద రోజుల పోస్టర్లు పడతాయి, పండక్కి టీవీలో వేస్తారు. తక్కువ డబ్బుతో తీసిన దెయ్యం సినిమాకి అవేవీ ఉండవు. ఒక వారం ఆడుతుంది, లేదంటే మార్నింగ్ షోలకు పడుతుంది. ఆ తర్వాత దాని నెగెటివ్ ఏ ల్యాబులో ఉందో నిర్మాత కూడా మర్చిపోతాడు. అలాంటి సినిమా బతికిందంటే ఎవరో దాన్ని క్యాసెట్ మీదకి ఎక్కించడం వల్లే, ఇంకెవరో దాన్ని పారేయకుండా ఉంచడం వల్లే. నా మటుకు నాకు హోమ్ వీడియో ఈ సినిమాలకు రెండో బతుకు కాదు, అసలు బతుకే అది.

మన వైపు దెయ్యాల సినిమా రుచి క్యాసెట్లతో మొదలైంది కాదు. దర్శకుడు బి. విఠలాచార్య అప్పటికే అలవాటు చేసి పెట్టారు. 1978లో వచ్చిన ‘జగన్మోహిని’లో జయమాలిని దెయ్యం పాత్ర చూడటానికి జనం ఎగబడ్డారు. ఆయన దెయ్యాలు పొయ్యిలో కట్టెలకు బదులు తమ కాళ్లే పెట్టి వంట చేస్తాయి. అట్ట సెట్టు, పొగ, కెమెరా ఆపి మళ్లీ తిప్పే చిన్న కిటుకు, వీటితోనే జనం నోరు తెరిచేలా చేశారు. డేట్లు ఇవ్వని నటుణ్ణి ఏ జంతువుగానో మార్చేసి షూటింగు కానిచ్చేసేవారని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఆ కథలో ఉన్న పట్టుదల మాత్రం ఆయన సినిమాల్లో ప్రతి ఫ్రేములోనూ కనిపిస్తుంది. బడ్జెట్ లేకపోవడాన్ని ఆయన లోటుగా చూడలేదు.

హిందీలో ఆ దారి పట్టింది రామ్సే కుటుంబం. తండ్రి ఎఫ్.యు. రామ్సే దేశ విభజనకు ముందు కరాచీలో రేడియోల దుకాణం నడిపేవారు. అసలు ఇంటిపేరు రామ్‌సింఘానీ. బ్రిటిష్ ఖాతాదారులకు నోరు తిరక్క అది రామ్సే అయింది. బొంబాయి వచ్చాక సినిమాలు తీసి చేతులు కాల్చుకున్నారు. 1970లో తీసిన ‘ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ’ ఆడలేదు. కానీ అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన మాస్కు పెట్టుకుని దొంగతనానికి వచ్చే సీను ఒకటుంది. జనం ఆ ఒక్క సీను కోసమే వస్తున్నారని కొడుకులు గమనించారు. సినిమా మొత్తం అలాగే ఉంటే? 1972లో ‘దో గజ్ జమీన్ కే నీచే’ వచ్చింది. ఏడుగురు అన్నదమ్ములు. తులసి, శ్యామ్ డైరెక్షన్, గంగు కెమెరా, కిరణ్ సౌండ్, కుమార్ రచన. బయటివాళ్లకు జీతాలిచ్చే పని చాలావరకు తప్పిపోయింది. 1984లో ‘పురానా మందిర్’ ఆ ఏడాది పెద్ద హిట్లలో ఒకటిగా నిలిచింది. అందులో సామ్రీ అనే రాక్షసుడిగా భయపెట్టిన అనిరుధ్ అగర్వాల్ రూర్కీలో చదివిన సివిల్ ఇంజినీరు. ఆ ముఖానికి మేకప్ పెద్దగా అక్కర్లేదని అనేవారు. నేనైతే ఆ మాట ఒప్పుకోను. ఆయన నడకలో, తల తిప్పే తీరులో ఉన్నది నటన.

ఇక డెక్కు, అంటే క్యాసెట్ ఆడించే వీసీఆర్ సంగతి. జేవీసీ కంపెనీ ఈ క్యాసెట్ల రకమైన వీహెచ్‌ఎస్‌ని జపాన్‌లో 1976లో విడుదల చేసింది. మన దేశంలో 1982 ఏషియాడ్ వేళకు కలర్ టీవీ వచ్చింది, దాని వెనకే వీసీఆర్‌లు పెరిగాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు సెలవుకి వచ్చేటప్పుడు డెక్కు మోసుకొచ్చేవారు. అటు గంజాం కుర్రాళ్లు సూరత్ మగ్గాలకు వెళ్లి హిందీ సినిమాల రుచి మరిగి వచ్చారు. ఇచ్ఛాపురం దాటితే బరంపురం, పాతపట్నం దాటితే పర్లాకిమిడి. సరిహద్దు మ్యాపులోనే గానీ చుట్టరికాల్లో లేదు. కాబట్టి సరుకు రెండు వైపుల నుంచీ చేరింది. అద్దెకిచ్చే వీడియో లైబ్రరీల్లో ఒకే షెల్ఫులో తెలుగు జానపదం, హిందీ హారర్, ఒడియా కుటుంబ కథ, పేరు తెలియని ఇంగ్లీషు సినిమా పక్కపక్కన ఉండేవి.

ఊళ్లో ఎవరింటనైనా శుభకార్యమైతే టీవీ, డెక్కు, మూడు నాలుగు క్యాసెట్లు కలిపి రాత్రికి అద్దెకు తెచ్చేవారు. మొదట భక్తి సినిమా. పెద్దవాళ్లు కునుకు తీశాక ఫైటింగ్ సినిమా. అర్ధరాత్రి దాటాక, పిల్లలు నిద్రపోయారనుకున్నాక, దెయ్యం సినిమా. ఈ వరసని నేను ఎన్నో ఊళ్లలో ఎంతోమంది నోట విన్నాను. హారర్‌కి భాష పెద్దగా అడ్డు కాదు. హిందీ రాని అత్తమ్మలకీ, తెలుగు రాని ఒడియా పక్కింటివాళ్లకీ తలుపు కిర్రుమన్న చోట గుండె ఒక్కలాగే ఝల్లుమంటుంది. మూడు భాషల ఊళ్లలో ఈ సినిమాలకి అంత గిరాకీ ఉండటానికి అది ముఖ్యమైన కారణం.

ఇంకో కారణం కూడా ఉందని నా నమ్మకం. బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారిని పుట్టింటికి తీసుకొచ్చినట్టు దేశిబెహరా వీధికి తెస్తారు. తెలుగు మాట్లాడే దేరా నేతవారికి ఆ యాత్రలో పెద్ద పాత్ర ఉంది. మొక్కుకున్నవాళ్లు రకరకాల వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. ఒళ్లంతా రంగు, నెత్తిన జడలు, బయటికి చాచిన నాలుక. చిన్నప్పటి నుంచీ అది చూసి పెరిగినవాడు రామ్సే సినిమాలో రబ్బరు మాస్కు అంచు కనిపించిందని నవ్వడు. వేషం వేషమేనని వాడికి తెలుసు, అయినా భయపడతాడు. తక్కువ ఖర్చు సినిమాని మెచ్చుకోవడానికి కావలసింది సరిగ్గా ఆ చూపే.

1984 దగ్గర కాసేపు ఆగాలి. ‘పురానా మందిర్’ విడుదలైన అదే ఏడాది బ్రిటన్‌లో వీడియో రికార్డింగ్స్ చట్టం వచ్చింది. చవక హారర్ క్యాసెట్లు పిల్లల్ని పాడు చేస్తున్నాయని అక్కడి పత్రికలు గగ్గోలు పెట్టాయి, పోలీసులు షాపుల మీద దాడులు చేశారు, కేసు పెట్టదగినవంటూ ప్రాసిక్యూటర్లు వేసిన జాబితాలోకి మొత్తం 72 సినిమాలు ఎక్కాయి. ఆ జాబితా వల్లే వాటి కోసం వెతికేవాళ్లు ఎక్కువయ్యారు. హారర్ క్యాసెట్లు దాచుకునే అలవాటు అక్కడ గట్టిపడింది ఆ భయంతోనే. మన దేశంలోనూ 1984లోనే కాపీరైట్ చట్టాన్ని సవరించారు. ఇక్కడ గొడవ నీతి గురించి కాదు, పైరసీ గురించి. కనీసం ఆరు నెలల జైలు, మూడేళ్ల దాకా పెరగొచ్చు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వీడియో సినిమా మీద సెన్సార్ సర్టిఫికెట్ కాపీ, తయారీదారు పేరు, చిరునామా, హక్కుదారు వివరాలు ఉండాలని ఆ చట్టంలోని 52ఏ సెక్షన్ చెప్పింది. ఇప్పుడు సేకరించేవాళ్లకి ఆ లేబులే పెద్ద ఆధారం. సినిమా నిడివి ఎంత, ఏ సర్టిఫికెట్, హక్కు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయింది అన్నది ఇంకెక్కడా దొరకని సినిమాలకు ఆ అట్ట మీద దొరుకుతుంది. అందుకే లేబులు చింపేసి ఇచ్చిన క్యాసెట్ చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ ‘ఇంగ్లీషు భూతం’ క్యాసెట్లలో తరచూ తగిలేవి రెండు. ఒకటి జార్జ్ రొమేరో అమెరికాలో పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల లక్షా 14 వేల డాలర్లతో తీసి, 1968లో విడుదల చేసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ మీద కాపీరైట్ గుర్తు వేయడం మర్చిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క పొరపాటుతో హక్కు పోయింది. ఎవరైనా క్యాసెట్ వేసి అమ్ముకోవచ్చు. తీసినవాళ్లకి అది తీరని నష్టం, సినిమాకి మాత్రం ప్రపంచమంతా తిరిగే టికెట్. రెండోది సామ్ రెయిమీ, అతని స్నేహితులు టెనెసీ అడవిలో పాడుబడిన ఇంట్లో తీసిన ‘ఈవిల్ డెడ్’ (1981). 16 ఎం.ఎం. ఫిల్ము, చేతిలో డబ్బు లేదు, ట్రాలీలు లేవు. చెక్కకి కెమెరా బిగించి ఇద్దరు రెండు చివర్లా పట్టుకుని నేల బారుగా పరిగెత్తారు. కంటికి కనిపించని భూతం చెట్ల మధ్య దూసుకొస్తున్నట్టు ఉండే షాట్లు అవే. ‘ఒంటరిగా కూర్చుని మొత్తం చూస్తే లక్ష రూపాయలు ఇస్తారట’ అన్న పుకారు ఆ సినిమాకి మన ఊళ్లలో ఉన్నంత బలంగా ఇంకెక్కడైనా ఉందా అని నా అనుమానం.

తెలుగులో ఈ క్యాసెట్ల చదువు ఎక్కడికి దారితీసిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. రామ్ గోపాల్ వర్మ 1989లో తొలి సినిమాకి ముందు హైదరాబాద్ అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ నడిపారు. 1992 నాటి ‘రాత్రి’లో కెమెరా మెట్లు దిగే తీరు చూడండి.

క్యాసెట్‌ని దగ్గరగా పట్టుకుని చూస్తే దాని చరిత్ర సగం కనిపిస్తుంది. వీపు అంచున ఎడం పక్క చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది విరిచేస్తే ఇక రికార్డు కాదు. ఆ కన్నం మీద సెలోటేప్ అంటిస్తే మళ్లీ అవుతుంది. అలా అంటించిన ముక్క ఉందంటే లోపల ఉన్నదాని మీద ఇంకేదో ఎక్కించారన్నమాట. హారర్ సినిమా మొదలై, సరిగ్గా క్లైమాక్స్ ముందు ఎవరింటి బారసాలో వచ్చిన క్యాసెట్లు మాలో చాలామంది దగ్గర ఉన్నాయి. పక్కన మీట నొక్కి ముందు మూత ఎత్తితే అరంగుళం వెడల్పు టేపు కనిపిస్తుంది. కిటికీలోంచి చూస్తే చుట్ట అంచు మీద తెల్లటి పొడిలా ఉంటే అది బూజు. దాన్ని అలాగే డెక్కులో పెడితే టేపుని చదివే హెడ్ పాడవుతుంది, ఆ తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కీ బూజు అంటుకుంటుంది.

కాపీ మీద కాపీ తీసినకొద్దీ బొమ్మ అలుక్కుపోతుంది. వీహెచ్‌ఎస్‌లో వివరమే తక్కువ, రంగు వివరం మరీ తక్కువ. ఎరుపు అయితే గీత దాటి పక్కకు కారుతుంది. గంగు రామ్సే ఎర్ర లైటు, పచ్చ లైటు పెట్టి తీసిన పాడుబడ్డ హవేలీ నాలుగో కాపీలో ఎలా ఉంటుందో చూడాలి. గోడ, నెత్తురు, చీర అన్నీ ఒకటే ఎరుపు. రాక్షసుడు మొహం కాదు, కదిలే చీకటి. తీసినవాళ్లు కోరుకున్నది అది కాదని ఒప్పుకుంటాను. కానీ మా తరం భయపడింది ఆ చీకటికే, కాబట్టి అదీ ఆ సినిమా చరిత్రలో భాగమే.

1990ల మొదట్లో కేబుల్ వచ్చింది. కేబుల్ ఆపరేటరే రాత్రి ఒక క్యాసెట్ పెట్టి ఊరందరికీ వేసేవాడు. 1993లో రామ్సేలే ‘జీ హారర్ షో’తో టీవీకి వచ్చారు. లైబ్రరీలు మూతపడుతుంటే క్యాసెట్లు తూకానికి పోయాయి. తర్వాత వీసీడీ, అంటే సినిమా ఎక్కించిన సీడీ. ఒక్కో డిస్కులో 74 నిమిషాలే, సినిమాకి రెండు డిస్కులు. ఇంగ్లీషు హారర్‌కి తెలుగు డబ్బింగు, పూర్తిగా కొత్త తెలుగు పేరు, అట్ట మీద వేరే సినిమా బొమ్మ. ఇది ఆ వీసీడీల కాలం ప్రత్యేకత. మోజర్ బేర్ అనే కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టాక అద్దెకు తెచ్చుకునే అలవాటే పోయింది. ఆ కంపెనీ కూడా 2018లో లిక్విడేషన్‌కి వెళ్లింది. చవక డిస్కుల్లో లోహపు పూత పొట్టులా లేచిపోతోంది. క్యాసెట్ కంటే అవే ముందు పోయేలా ఉన్నాయి.

మన తీరం గాలి తేమ ఒక శత్రువైతే, తుఫాన్లు ఇంకో శత్రువు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస వైపు దాటి గజపతి జిల్లాని ముంచేసింది. పైకప్పు రేకులు లేచిపోయిన ఇళ్లలో అటక మీద ఏం మిగులుతుంది? ఇక యంత్రాల సంగతి. చివరిదాకా వీసీఆర్‌లు తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు చెడిపోయిన డెక్కుని బాగు చేయడమంటే ఇంకో చెడిపోయిన డెక్కులోంచి భాగాలు తీసి పెట్టడమే.

రామ్సే సినిమాల్ని మోండో మకాబ్రో అనే విదేశీ కంపెనీ ముందు డీవీడీలుగా, తర్వాత బ్లూరేగా మంచి ప్రింట్లతో తెచ్చింది. చూసి సంతోషించాను. న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం రొమేరో సినిమాని నెగెటివ్ నుంచి బాగు చేయించింది. వాటికి ఇక మన క్యాసెట్లు అక్కర్లేదు. అక్కర ఉన్నవి వేరే. ఇంగ్లీషు హారర్‌కి తెలుగులో చెప్పిన డబ్బింగు గొంతులు, యూట్యూబ్‌లో కోసేసిన సీన్లు, ఎవరూ మళ్లీ విడుదల చేయని చిన్న తెలుగు దెయ్యం సినిమాలు. ఇవి ఏ విదేశీ కంపెనీ జాబితాలోనూ లేవు. యూట్యూబ్‌లో ఉన్నవాటిలో కూడా పైనా కిందా కత్తిరించి వైడ్‌గా సాగదీసిన ప్రింట్లు చాలా ఉన్నాయి.

కాబట్టి మీ ఇంట్లో కట్ట దొరికితే ముందు డెక్కులో పెట్టకండి. కిటికీలోంచి బూజు చూడండి. ఎండలో పెట్టకండి, నీడలో, పొడిగా, పుస్తకాల్లా నిలబెట్టి ఉంచండి. లేబులు, అట్ట, వెనక రాసిన పేరు, షాపు స్టాంపు ఫోన్‌తో ఫోటో తీయండి. కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు బరంపురం, విశాఖల్లో ఇంకా ఉన్నారు. వాళ్లు మొదట పెళ్లి వీడియోలే అడుగుతారు. దెయ్యం క్యాసెట్ కూడా మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో వచ్చే బారసాలతో సహా, ఎక్కడా కత్తిరించకుండా ఎక్కించమని చెప్పండి.